పదిహేడో నంబరు టేకు

పీరయ్యను నేను ఎన్నిసార్లు తిట్టానో లెక్క లేదు. మొదటిసారి తిట్టింది మాత్రం బాగా గుర్తుంది.

2009 ఆగస్టు. మొక్కలు నాటి నెల దాటింది, వాన మొహం చాటేసింది. నల్లమల అంచున, అచ్చంపేట అవతల, మా పరిశోధన తోటలో పదకొండు టేకు మొక్కలు ఎండి పుల్లలై నిలబడ్డాయి. నాది మొదటినుంచీ నోటి దురుసు. చిక్కడపల్లిలో మా వీధి మలుపున కూరలమ్మే ఆమె నన్ను దూరం నుంచి చూసే పుచ్చు వంకాయలు పక్కకు తీసేస్తుంది. ఆ రోజు జీపు దిగి ఆ పుల్లలు చూడగానే తిక్క రేగింది. తోట కాపలా పీరయ్యది. వయసులో నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. గడ్డి చెక్కుతున్న కూలీలందరి ముందూ, ఆయన భార్య మాసమ్మ ముందూ నిలబెట్టి కడిగేశాను.

"నేను మళ్ళొచ్చే వరకు ఒక్క ఎండిన మొక్క కనబడొద్దు పీరయ్యా. కనబడిందా, బిస్తర్ కట్టుకొని పోవుడే నువ్వు."

ఆయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, "మంచిదమ్మా" అన్నాడు. మనుషులతో పని చేయించడం నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదనుకుంటూ జీపెక్కాను.

నా పేరు త్రివేణి. అడవి చెట్ల మీద పరిశోధన నా ఉద్యోగం. పెళ్ళి గురించి అడిగేవాళ్ళు అడిగి అడిగి విసిగిపోయారు, నాకు టేకు తప్ప వేరే ధ్యాస ఉండేది కాదు. మేం చేసే పని చెప్పడానికి తేలికే. అడవంతా తిరిగి నిటారుగా, బలంగా, కొమ్మలు తక్కువగా పెరిగిన చెట్లను ఏరుకుంటాం. నంబర్లు ఇస్తాం. అవి తల్లి చెట్లు. ఒక్కో తల్లి గింజలతో మొక్కలు పెంచి, అన్నిటినీ కలగలిపి ఒకే నేలలో, ఒకే ఎండకు, ఒకే వానకు వదిలేస్తాం. ఏ తల్లి పిల్లలు తట్టుకుని నిలబడతాయో ఆ తల్లి గింజ మంచిది. పోయిన అడవిని మళ్ళీ లేపాలన్నా, రైతు తన బీడులో టేకు వేసుకోవాలన్నా ఇవ్వాల్సింది ఆ గింజ. నా తోటలో తల్లులు ముప్పై, ఒక్కోదానికి పిల్లలు నలభై. మొత్తం పన్నెండు వందల మొక్కలు. ప్రతి మొక్క పక్కనా ఒక ఇనుప ఊచ, దానికి తల్లి నంబరు కొట్టిన రేకు బిళ్ళ.

అక్టోబరులో మళ్ళీ పోయాను. మధ్యలో వానలు ముంచెత్తి పోయాయి. పన్నెండు వందల మొక్కలూ పచ్చగా ఉన్నాయి, ఎండిన ఆ పదకొండు చోట్లతో సహా. నాకేమీ ఆశ్చర్యం వెయ్యలేదు. టేకు మొండిది, పైన ఎండినా వేరు బతికుంటే మళ్ళీ చిగురేస్తుంది. అది నేను క్లాసుల్లో చెప్పే పాఠమే. నోటుబుక్కులో పదకొండు కొట్టేసి సున్నా రాసుకున్నాను. పీరయ్యను మెచ్చుకున్నాను కూడా. ఆయన నేల చూస్తూ నిలబడ్డాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

మరుసటి మే నెలలో పై అధికారులు తోట చూడ్డానికి వస్తున్నారని కబురొస్తే రెండు రోజులు ముందే వెళ్ళి అన్నీ సర్దించాను. అప్పుడు చూశాను, కొన్ని మొక్కల మొదట్లో కోడిగుడ్డంత తెల్లటి పలుగురాళ్ళు. ఒక మొక్కకు ఉంటే పక్కదానికి లేదు, మళ్ళీ వరసగా మూడింటికి ఉన్నాయి. నాకు చిందరవందర పడదు. మా నాన్న నారాయణగూడలో బడిపంతులు, గుమ్మం ముందు చెప్పులు కూడా గీత గీసినట్టు విడవాలనేవాడు. ఆ జబ్బు నాకూ అంటింది. ఈ రాళ్ళేంది, పొద్దుగూకే వరకు ఒక్కటి కనబడొద్దని పీరయ్యకు చెప్పాను. ఆయన ఏదో గొణిగాడు. అప్పటికే నేను పక్క వరసలోకి వెళ్ళిపోయాను. సాయంత్రానికి ఆయనా మాసమ్మా రాళ్ళన్నీ గంపలతో మోసుకుపోయి వాగులో పోసి వచ్చారు. తోట అద్దంలా ఉందని అధికారులు అన్నారు. ఆ మాట నాలుగు నెలలు చెప్పుకున్నాను.

2012లో తోటకు కాపలా మంజూరు ఆగిపోయింది. పీరయ్యను మానుకొమ్మని చెప్పే పని నేను చెయ్యలేదు, రేంజి ఆఫీసు గుమాస్తాకు అప్పగించాను. ఆయన తర్వాత ఎటు పోయాడో నేను అడగలేదు. అప్పటికి చెట్లు నా తలకంటే ఎత్తు పెరిగాయి, వాటికి మనిషి అక్కర తీరిందనుకున్నాను. నాకూ తీరింది.

2014 ఫిబ్రవరిలో ఆఖరి కొలతలు తీశాం. పదిహేడో నంబరు మమ్మల్ని నోరెళ్ళబెట్టేలా చేసింది. నలభైకి నలభై బతికున్నాయి. ఎత్తులో, లావులో మిగతా నంబర్లన్నిటినీ వెనక్కి నెట్టేశాయి. అంత కరువు ఏట నాటితే ఒక్కటీ చావకపోవడమంటే మామూలు సంగతి కాదు. లెక్కలన్నీ కంప్యూటర్లో కట్టింది సుమంత్, మా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నవాడు. ఒకరోజు కాగితాలు పట్టుకుని నా గదికి వచ్చి నసిగాడు.

"మేడమ్, ఈ పదిహేడోదాని పిల్లలు ఒక్క తల్లి పిల్లల్లెక్క లేవు. ఆకు ఒక తీరు, బెరడు ఒక తీరు. ఒక్కోటి ఒక్కో ఇంటిది అన్నట్టున్నయి."

నేల తేడా అన్నాను. అతను మళ్ళీ ఏదో అనబోతే, నువ్వు అఆలు దిద్దుతున్నప్పటి నుంచి నేను టేకు చూస్తున్న అని నోరు మూయించాను. పాపం, ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

జూన్ వచ్చింది. రాష్ట్రం కొత్త, ఆఫీసు బోర్డుల మీద రంగు ఇంకా ఆరలేదు. నా రిపోర్టు గురువారం కమిటీ ముందుకు రావాలి. కమిటీ ఒప్పుకుంటే వచ్చే విత్తే కాలం నుంచి నర్సరీలన్నిటిలో పదిహేడో నంబరు గింజే పోస్తారు. లక్షల మొక్కలు రైతుల పొలాల్లోకి పోతాయి. డిసెంబరులో నా రిటైర్మెంటు. ఇన్నేళ్ళ ఉద్యోగానికి చూపించుకోవడానికి ఒక్క మంచి చెట్టు మిగులుతుంది కదా అని నాకు లోపల ఒకటే సంబరం.

సోమవారం పొద్దున పదకొండింటికి రిపోర్టు కాపీలు తీయించడానికి అశోక్‌నగర్ వెళ్ళాను. అక్కడి జిరాక్సు షాపులు పరీక్షలకు చదివేవాళ్ళతో కిటకిటలాడుతుంటాయి. నా పది కాపీలకు స్పైరల్ బైండింగ్ అయ్యేసరికి అరగంట పడుతుందన్నాడు షాపతను. బయట ఎండ మాడ్చేస్తోంది. మృగశిర కార్తె వచ్చి వారమైనా చినుకు లేదు. ఎదురుగా కడుతున్న అపార్టుమెంటు నీడలోకి పోయి నిలబడ్డాను. లోపల ఒక మనిషి పైపు పట్టుకుని కొత్త గోడలు తడుపుతున్నాడు. ఒక్క మూల కూడా వదలకుండా, కింద నుంచి పైకి, మళ్ళీ పై నుంచి కిందికి. ఆ తీరు నాకు తెలిసినట్టే అనిపించింది.

"త్రివేణమ్మగారేనా?" అన్నాడు పైపు కింద పెట్టి.

పీరయ్య. జుట్టు పూర్తిగా నెరిసింది. ఆ బిల్డింగుకే వాచ్‌మన్. మెట్ల కింద రేకుల గదిలో ఆయనా మాసమ్మా ఉంటున్నారు. మాసమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. నడుము వంగిపోయి, ఒక చెయ్యి మోకాలి మీద ఆనించుకుంటూ నడుస్తోంది. ఏమైందని అడిగితే ఎప్పటిదో నొప్పి అని నవ్వింది. ఇటుకల మీద తువ్వాల పరిచి నన్ను కూర్చోబెట్టారు. పిల్లల సంగతీ ఊరి సంగతీ నేనింకా అడగకముందే పీరయ్య అడిగాడు, మన తోట ఎట్లుందమ్మా అని.

ఇంకేముంది, పొంగిపోయాను. మన తోటకు పేరొచ్చిందని, గురువారం కమిటీ ఉందని, పదిహేడో నంబరు రాష్ట్రమంతా పోతుందని గబగబా చెప్పేశాను. ఆయన నవ్వాడు.

"పదిహేడా? గది నా పాణం తీసిందమ్మా. పెట్టినకాడల్లా ఎండుతుండె. ఒక్కోకాడ మూడుమాట్ల మార్చిన."

నాకు వెంటనే అర్థం కాలేదు. మార్చుడేంది అన్నాను.

"సచ్చినదాన్ని పీకి ఇంకోటి పెట్టుడే గదమ్మా. ఎండింది కనబడొద్దని మీరే అంటిరి. వాగు పొంటి టేకు మొలకలు మస్తుంటుండె. బలమైనయి చూసి, వేరు తెగకుంట మట్టితోని తవ్వుకొచ్చి పెట్టినం. మీరొచ్చే వరకు ఒక్కటి గూడ ఎండింది కనబడనియ్యలే."

గొప్పగానే చెప్పాడు. చెప్పుకోవాల్సిన పనే అది, వేరే తోటల్లో అయితే. అక్కడ మొక్క చస్తే కాపలావాడు ఇంకోటి నాటాలి, లేదంటే పనిదొంగ అంటారు. మా దగ్గరికి రాకముందు పీరయ్య ఇరవై ఏళ్ళు చేసింది అదే పని. పరిశోధన తోటలో అలా కాదు. ఇక్కడ చావు కూడా ఒక జవాబు. చచ్చినదాన్ని రాసుకుని ఆ చోటు ఖాళీగా ఉంచెయ్యాలి. ఈ తేడా ఆయనకు చెప్పాలని నాకు ఒక్కనాడూ తోచలేదు. తిట్టడానికే తోచింది.

నా పదిహేడో నంబరు, నలభైకి నలభై బతికిన బంగారం, అన్నిటికంటే ముందు చచ్చిన నంబరు. దాని ఊచల పక్కన ఐదేళ్ళుగా పెరుగుతున్నవి వాగు ఒడ్డున ఏ చెట్టు కిందో మొలిచిన అనామకాలు. సుమంత్ ఆ మాటే చెప్పబోయాడు.

ఎన్ని మార్చావని అడిగాను. మూడు నూర్లు దాటి ఉంటాయన్నాడు. ఒక్క ఆశ మిగిలింది నాకు. ఏవి మార్చినవో, ఏవి అసలువో తెలిస్తే మార్చినవి తీసేసి మిగిలినవాటితో లెక్క మళ్ళీ కట్టొచ్చు. పదిహేడు పోతే పోయింది, ఇంకో నంబరు నిలబడుతుంది, తోట దక్కుతుంది. ఏవేవో గుర్తున్నాయా పీరయ్యా అని బతిమాలుతున్నట్టు అడిగాను.

ఆయన నన్ను వింతగా చూశాడు.

"గుర్తుకే గదమ్మా తెల్లరాళ్ళు పెట్టింది. మార్చినదానికల్లా ఒక రాయి. చదువుకున్నోళ్ళు, ఎన్నడన్న అడుగుతరని పెట్టిన. మీరే తీయిస్తిరి. ఇవి గుర్తుకు పెట్టినయమ్మా అని గప్పుడు గూడ చెప్పిన. తీసెయ్యమంటిరి, ఇగ మీకు తెలుసనుకున్న."

జిరాక్సు షాపతను వాకిట్లోకి వచ్చి, మేడమ్ మీ పది కాపీలు అయినయ్ అని కేకేశాడు. లేచి వెళ్ళి తెచ్చుకున్నాను. పీరయ్యతో మళ్ళొస్తానని కూడా అనలేదు.

అక్కడి నుంచి చిక్కడపల్లి ఇంటికి ఎలా నడిచానో తెలియదు. ఇంటికి పోగానే అటక మీది పెట్టె దింపి పాత నోటుబుక్కు తీశాను. 2010 మే పేజీలో నా గుండ్రటి అక్షరాలు: "వరసల్లో తెల్లరాళ్ళు. తీసేయించాలి." పక్కన టిక్కు. ఎన్ని రాళ్ళో రాయలేదు, ఏ వరసలో రాయలేదు. మొక్కల ఎత్తు దశాంశం పెట్టి మరీ రాసిన మనిషిని, ఆ రాళ్ళెందుకని ఒక్క మాట అడగలేదు. ఆ టిక్కు చూస్తూ చాలాసేపు ఏడ్చాను.

సాయంత్రం కిషన్ రావుకు ఫోన్ చేశాను. ఆయన కమిటీ పెద్ద, నాతోపాటు ఉద్యోగంలో చేరినవాడు. అంతా విని, మొదట మొక్కలైతే బాగున్నయి గద, ఎవరి పిల్లలైతేంది అన్నాడు. బాగున్నవి వాగు ఒడ్డు మొక్కలు, మనం రైతుకు పంచబోయేది పదిహేడో తల్లి గింజ, అది చచ్చే గింజ అన్నాను. టేకు వేసిన రైతుకు మోసపోయానని తెలిసేసరికి పాతికేళ్ళు గడిచిపోతాయి, వాడు వచ్చి అడగడానికి మనమూ ఉండం అన్నాను. ఆయన మెల్లగా అన్నాడు.

"అయితే ఆ వాచర్ దగా చేసిండని రాయి త్రివేణీ. నీ మీదికి రాదు. ఇజ్జత్‌తోని రిటైరైతవ్."

దాచడమెందుకు, ఆ మాట నాకు ఒక గంటసేపు బాగానే ఉంది. పీరయ్య ఇప్పుడు మా పనిలో లేడు. ఆయన పేరు కాగితం మీద ఎలా ఉన్నా ఆయనకు తెలియను కూడా తెలియదు. పెన్ను తీసుకుని ఒక వాక్యం మొదలుపెట్టాను కూడా: తోట కాపలాదారు ఉద్దేశపూర్వకంగా. ఆ వాక్యం అక్కడే ఆగిపోయింది. ఉద్దేశం ఉంటే గుర్తుకు రాళ్ళెవరు పెడతారు?

ఆ కాగితం చింపేసి ఇంకోటి తీసుకున్నాను. చచ్చిన మొక్కల స్థానంలో వేరేవి నాటారని, చావులు నమోదు చేయాలన్న సంగతి సిబ్బందికి చెప్పకపోగా ఎండినది కనబడితే పని నుంచి తీసేస్తానని బెదిరించింది నేనేనని, మార్చిన మొక్కలకు కాపలాదారు పెట్టిన గుర్తులు తీసేయించింది కూడా నేనేనని, కాబట్టి ఈ తోట ఫలితాలు ఏవీ చెల్లవని రాసి సంతకం చేశాను.

గురువారం కమిటీలో ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేది. నా ఉత్తరం చదివి, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, పదిహేడును జాబితాలోంచి కొట్టేశారు. మళ్ళీ కొత్తగా గింజ సేకరించి, తోట వేసి, ఐదారేళ్ళు చూడాలన్నారు. ఎవరు చూడాలో మాత్రం రాసుకోలేదు. బయటికి వచ్చాక సుమంత్ నా బ్యాగు అందుకుని జీపు దాకా మోశాడు. నీ మాట వినాల్సింది అన్నాను. పర్లేదు మేడమ్ అన్నాడు. అతని మూడేళ్ళ చదువూ ఆ తోట మీదే ఉంది.

శుక్రవారం అశోక్‌నగర్ పోయాను. పీరయ్య అప్పుడే మూడో అంతస్తు తడిపి దిగుతున్నాడు. నేను ఆ రోజు లేచిపోయిన తీరుకు నాలుగు రోజులుగా పరేషాన్‌లో ఉన్నట్టున్నాడు.

"నేనేమన్న తప్పు జేసిన్నా అమ్మా?"

నువ్వు చేసింది ఏమీ లేదు, నేను చేశాను అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. అప్పుడు, ఐదేళ్ళు ఆలస్యంగా, ఆ ఇటుకల మీద కూర్చుని తోట ఎందుకు వేశామో మొదటినుంచీ చెప్పాను. తల్లి చెట్లు అంటే ఏమిటో, నంబర్లెందుకో, చచ్చినది ఎందుకు అలాగే ఉండాలో చెప్పాను. చెప్పడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆయన మధ్యలో ఒక్కసారే అడిగాడు, మరి వాగు మొక్కలను పీకేస్తరా అని. పీకం, అవే అన్నిటికంటే బాగున్నాయి, కానీ ఏ చెట్టువో తెలియదు అన్నాను. మూడు వందల చిల్లర మొక్కల మీద ఆయనకు దిగులు తీరినట్టుంది, తల ఊపాడు.

మాసమ్మ మోకాలి మీద చెయ్యి ఆనించుకుని టీ తెచ్చింది. పీరయ్య ఆమె వైపు చూసి, తర్వాత నా వైపు చూశాడు.

"గా ముక్క గప్పుడే చెప్తే అయిపోవు గదమ్మా. సచ్చినయి సచ్చినట్టే ఉంచుతుంటి. ఎండకాలమంత గా మొక్కలకు వాగు నుంచి కావడి మోసింది ఇదే. గది గూడ తప్పుతుండె దీనికి."

ఆయన గొంతులో కోపం లేదు, ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. మాసమ్మ ఊకో జర అని మొగుణ్ణి కసిరి, నా చేతికి గ్లాసు ఇచ్చింది. టీ చల్లారేదాకా ఆ గ్లాసు అలాగే పట్టుకుని కూర్చున్నాను. పీరయ్య పైపు తీసుకుని కింది గోడలు తడపడానికి పోయాడు.